అరవై సంచుల వల

వన్ టౌన్, విశాఖపట్నం
12 అక్టోబరు 2003

మహారాజశ్రీ గవర్రాజు బావ గారి సముఖమునకు, బి.కాం. రెండో తరగతిలో గట్టెక్కిన ఇమ్రాన్ చేసుకునే విన్నపములు.

ఇక్కడ అందరం క్షేమం. క్షేమం అంటే, మా అబ్బా నన్నింకా ఇంట్లోంచి గెంటలేదు. నువ్వు గుజరాతు సముద్రంలో ఎవరి బోటు మీదో వల లాగుతున్న ఈ శుభ సమయంలో నేనిక్కడ ఒక కంపెనీ పెట్టాను. పేరు సెకండ్ ఇన్నింగ్స్. మేనేజింగ్ డైరెక్టరు నేను. బోర్డు మీటింగు మా షాపు మూడో మెట్టు మీద జరుగుతుంది, అబ్బా లేవమనేదాకా.

కంపెనీ పని ఇదీ. మీ యారాడ ఒడ్డున పారేసిన పాత వలలు ఏరడం, మా షాపులో చిరిగిపోయిన లారీ టార్పాలిన్లు ఏరడం, రెండూ కలిపి ఆడవాళ్ళు భుజాన తగిలించుకునే బ్యాగులు కుట్టడం. బయట వల, లోపల టార్పాలిన్, పట్టీ కూడా టార్పాలినే. కొత్తగా కొనేది దారం ఒక్కటే.

నవ్వకు. దీని మీద నా బతుకు ఆధారపడి ఉంది. లారీల వాళ్ళు ఇప్పుడు టార్పాలిన్ చిరిగితే అతుకు వేయించుకోవడం లేదు, ప్లాస్టిక్ షీటు కొని కప్పేస్తున్నారు. అబ్బా కళ్ళకి సూది బెజ్జం కనబడటం లేదు. అందుకని మా పెద్ద మిషను, మందపాటి గుడ్డ కుట్టే ఆ నల్ల రాక్షసి ఉంది చూడు, దాన్ని కంచరపాలెంలో సీటు కవర్లు కుట్టే ఆయనకి ఇచ్చేస్తానన్నాడు. నేను కాళ్ళూ గడ్డమూ పట్టుకుంటే బక్రీద్ దాకా గడువిచ్చాడు. ఆలోగా ఎవరైనా నా బ్యాగులు కొంటే మిషను నాది. కొనకపోతే మిషను కంచరపాలేనికి, నేను గాజువాకలో మా ఖాలూ, అదే పిన్ని మొగుడు, నడిపే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి, లారీల రశీదులు రాయడానికి.

కొనే మనిషి దొరికింది కూడా. బీచ్ రోడ్డులో ఒక హోటలు కింద బహుమతుల దుకాణం నడిపే అనూరాధ గారు. నమూనా బ్యాగుని రెండు వేళ్ళతో పట్టుకుని, ముక్కుకి కొంచెం దూరంగా పెట్టి చూసి, "బావుంది. వాడి పారేసినవాటితో చేశారంటే మా దగ్గరకొచ్చే ఫారిన్ వాళ్ళకి చాలా ఇష్టం. అరవై కావాలి. ఒకే రకం వల, ఒకే రంగు. వాసన లేకుండా" అన్నారు. మొదటి రెండు షరతులూ మనుషులు పెట్టేవి. మూడోది దేవుడు కూడా తీర్చలేడు. సోడా, చింతపండు, నిమ్మకాయ, అమ్మీ దాచుకున్న షాంపూ అన్నీ అయ్యాయి. ఇప్పుడు మా ఇంట్లో నిమ్మకాయ పిండిన చేప వాసన వస్తోంది.

వల విప్పి ముక్కలు చేసే పని మీ చెల్లెలు నూకాలు చేస్తానంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కి దిగడం కన్నా ఇది నయమట. నీ ఉత్తరాలు మా షాపు అడ్రసుకే వస్తాయి గనక, మీ మామ్మకి అవి చదివే ఉద్యోగం యథావిధిగా నాదే. నువ్వు రాసేవి మరీ పొడిగా ఉంటున్నాయి బావా, అందుకని కాస్త తాలింపు వేస్తున్నాను. "మామ్మా, మందులు మానకు" అని నువ్వెప్పుడూ రాయలేదు. నేను ప్రతి ఉత్తరంలోనూ చదువుతున్నాను. ఆవిడ వేసుకుంటోంది. కృతజ్ఞతలు తర్వాత చెబుదువుగాని.

ఇట్లు
మేనేజింగ్ డైరెక్టరు

—

వెరావల్
31 అక్టోబరు

ఒరే ఇమ్రాన్ బావా,

పద్దెనిమిది రోజులు నీళ్ళ మీదుండి నిన్ననే ఒడ్డుకొచ్చాను. నీ ఉత్తరం బోటు ఆఫీసులో ఉంది. గుమస్తా సెంటు రాసిన కాయితం అనుకుని వాసన చూసి వదిలేసాడంట.

సంచులు కుట్టుకో, నానేటి వద్దన్నానా. ఒడ్డు మీద పారేసిన వలలు ఎవుళ్ళవీ కావు. కానీ ఒకటి ఇనుకో. నా వల అటక మీదుంది. మొదటి సీజను కష్టంతో కొన్నది. ఒక్క ఏడు వేసాను, రాళ్ళకి తగిలి చిరిగినాది. ఎలకలు కొట్టకుండా యాపాకు మారుస్తండమని నూకాలుకి సెప్పు. వచ్చే ఏడు నానిక్కడికి రాను. మనూళ్ళోనే, నా వల నానేసుకుంటాను. ఇంకోడి బోటు మీద కూలికి వల లాగింది చాలు. ఈ ముక్క మామ్మకి సదివి సెప్పు. తాలింపు ఎయ్యకు.

నా కాలికి దెబ్బ తగిలింది, మానిపోయింది. అది సదవకు.

గవర్రాజు

—

వన్ టౌన్
20 నవంబరు

బావ గారికి నమస్కారములు.

కాలు సంగతి చదవలేదు. మిగతాది చదివాను. వల గురించి రాసిన ముక్క మామ్మ చాలా శ్రద్ధగా విన్నది.

కంపెనీ పరిస్థితి బాగాలేదు. ఒడ్డున ఏరిన వలలు పదకొండు. ఒక్కటీ పనికి రాలేదు. ఎండకి నైలాను అప్పడమైపోయింది, పట్టుకుంటే చేతిలో పొడి. ఏ రెండూ ఒక రంగు కావు. నేను బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూసి ముచ్చటపడ్డానో ఆ గుట్టని. దగ్గరికెళ్తే అది వల కాదు, వల ఆత్మ.

అయితే పోయిన వారం ఒకచోట ఒక పాత వల దొరికింది. ఆకుపచ్చ రంగు, ఒకటే రకం, అరవై బ్యాగులకి సరిపోతుంది. ఎవరిదని నేను అడగలేదు. వ్యాపారంలో సరుకు కులగోత్రాలు అడగకూడదు.

ఇక నా అసలు కష్టం విను. నేను కత్తెర తీసి పెద్ద మగాడిలా అడ్డంగా కొయ్యబోతే మామ్మ నా చేతి మీద కొట్టింది.

"ఒరే ఇమ్రానూ, అలగ కోత్తే వల సత్తాది. కన్ను వరస సూసి కోత్తే నిద్దరోతాది."

వలలో ఒక్కో గడినీ మీరు కన్ను అంటారని నాకు ఇరవై రెండేళ్ళకి తెలిసింది. సరే, వరస చూసి ఒక్కో కన్నూ విప్పడానికి రోజుకి రెండు ముక్కలు. అది భరించాను. ఆ తర్వాత ఆవిడ చెక్క సూది, అదే రంగు నైలాను నూలు తీసుకుని కూచుని చిరుగులు బాగుచేయడం మొదలుపెట్టింది.

"మామ్మా, చిరుగులుంటేనే అందం. అవి కొనేవాళ్ళకి చిరుగులే కావాలి" అన్నాను.

"కన్నం ఉన్న వల మా గడప దాటదు."

"అది వల కాదు మామ్మా, బ్యాగు."

"బేగుకైనా కన్నం ఉంటే నవ్వేది నన్నే. ముసలమ్మ సేతిలోంచి ఎల్లిందంటారు."

నూకాలుని సాయం రమ్మని చూశాను. ఆవిడ గారు ఇంకో చెక్క సూది తీసుకుంది. మీ వంశంలో ఒక్కళ్ళకైనా వ్యాపార దృష్టి ఉంటే నేనిలా ఈ ఉత్తరం రాస్తూ గోళ్ళు కొరుక్కోను.

అబ్బా రోజూ క్యాలెండరు వైపు చూస్తున్నాడు.  అదే బాధ.

ఇమ్రాన్

—

వన్ టౌన్
29 డిసెంబరు

బావా,

సంబోధన చిన్నదైనందుకు మన్నించు. కోపంలో బిరుదులు గుర్తు రావడం లేదు.

అరవై బ్యాగులు అయ్యాయి. నెల రోజులు నా నడుము ఆ మిషను మీదే ఉంది. అబ్బా పక్కన కూచుని, కళ్ళు కనబడకపోయినా, చప్పుడు విని "కుట్టు తప్పింది" అనేవాడు. ప్రతిసారీ తప్పేది. ఆఖరి ఇరవై మీద ఒక్క మాటా అనలేదు. అది నా జీవితంలో నేను పొందిన ఏకైక డిగ్రీ.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, పది బ్యాగులు పట్టుకుని బీచ్ రోడ్డుకి వెళ్ళాను. అనూరాధ గారు ఒకటి తీసి చూశారు. ఇంకొకటి చూశారు. కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఇమ్రాన్, ఇది కొత్త వల."

"కాదండీ, పాతదే. చిరిగిందే."

"చిరుగు చూపించు."

చూపించలేకపోయాను బావా. చిరుగు లేదు. మీ మామ్మ ఒక్క కన్ను కూడా వదల్లేదు. పైగా ఉతికి ఉతికి మెరిపించారు. వాసన కూడా లేదు. ఏ వాసన పోవాలని మూడు నెలలు ఏడ్చానో, ఆ వాసన ఉండి ఉంటే ఈ రోజు సాక్ష్యం చెప్పేది.

"బజార్లో కొత్త వల కొని పాతదని అంటగడితే నా పేరు పోతుంది. పాతదని రుజువుంటే తీసుకురా, తీసుకుంటాను" అన్నారు. ఆవిడని తిట్టడానికి కూడా వీల్లేదు, మర్యాదగానే అన్నారు.

బస్సులో తిరిగొస్తుంటే పక్కనావిడ బ్యాగు చూసి "కొత్తదా బాబూ, ఎంత?" అంది. దిగిపోదామనిపించింది.

మామ్మకి సంగతి చెప్పాను. "కొత్తదనుకున్నాదా?" అని మురిసిపోయింది. ఇరుగుపొరుగుకి చెప్పుకుంది. నేను గోడకేసి తల కొట్టుకుంటుంటే నూకాలు "గోడ పడిపోద్ది, మెల్లిగా" అంది.

నీకొక బ్యాగు పార్సిలు చేశాను. చూసి నువ్వే చెప్పు, నేను చేసిన పాపం ఏమిటో.

ఇమ్రాన్

—

వెరావల్
8 జనవరి 2004

ఇమ్రాన్ బావా,

ఉత్తరం వచ్చినాది. పార్సిలు ఇంకా రాలేదు. సదివి నవ్వేను. బోటులో అందరికీ సెప్పేను, వాళ్ళూ నవ్వేరు.

నువ్వు బి.కాం. సదివి ఏటి లాభం. పాత వలకి రుజువు వల మీదే ఉంటాది. మిషను ఏసిన ముడి సూడు, అన్నీ ఒక్కలాగే ఉంటాయి, సైన్యంలాగ. సేత్తో బాగుసేసిన సోట ముడికి సిన్న తోక మిగులుతాది. అదెక్కడుంటే అక్కడ ఒకప్పుడు చిరిగినట్టు లెక్క. కొత్త వలకి తోకలెందుకుంటాయి?

ఇంకా సెప్తాను ఇను. ముడి సూత్తే సెయ్యి తెలుత్తాది. మామ్మది ఎడం సెయ్యి, దాని తోక పైకి సూత్తాది. నూకాలుది కిందకి. నాది రెండు సుట్లు తిరిగి ఉంటాది, నాకు ఒక్క సుట్టు మీద నమ్మకం లేదు. ఏ వలైనా నా సేతికియ్యి, ఎవుళ్ళు బాగుసేసారో కళ్ళు మూసుకుని సెప్తాను.

ఆ అనూరాధమ్మ దగ్గరికి నువ్వెల్లకు. మామ్మని తీసుకెల్లు. వల గురించి నీకేటి తెలుసు.

పార్సిలు రాగానే సూసి రాత్తాను.

గవర్రాజు

—

వన్ టౌన్
18 జనవరి

బావా,

నీ సలహా పనిచేసింది. మామ్మకి ఆటో ఎక్కించి బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాను. హోటలు గాజు తలుపు దగ్గర చెప్పులు విప్పేసింది. గుమ్మం కాపలావాడు వద్దన్నా వినలేదు.

అనూరాధ గారి బల్ల మీద బ్యాగు పెట్టుకుని, గోరుతో ఒక్కో ముడీ పైకెత్తి చూపించింది. "ఇదిగోనమ్మా, ఇక్కడ రాయికి తగిలినాది. ఇది పీత కొరికినాది, పీత ఎప్పుడూ గుండ్రంగా కొరుకుతాది." మూడోది కూడా ఏదో చెప్పింది. సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది.

అనూరాధ గారు చాలాసేపు చూశారు. నా మాట మీద లేని నమ్మకం ఆ తోకల మీద కుదిరింది. "ఈ మాటలన్నీ ఒక చీటీ మీద రాసి ప్రతి బ్యాగుకీ కట్టు" అన్నారు. ముప్పయ్యో తారీఖు శుక్రవారం మొత్తం అరవై, నీకు పంపిన దాని బదులు ఇంకొకటి చేసి, పట్టుకురమ్మన్నారు. బక్రీద్ ఫిబ్రవరి రెండో తారీఖు. మూడు రోజుల ముందే గెలిచాను. మిషను నాది.

అబ్బాకి చెప్తే మిషనుకి నూనె వేశాడు. అంతే. అది చాలు.

ఇంత ఆనందంలో ఒక చిన్న మనవి. ఆ పార్సిలు వస్తే విప్పకు. పోస్టులో తడిసి ఉంటుంది. అలాగే వెనక్కి పంపించు, మంచిది ఇంకొకటి పంపిస్తాను.

ఇమ్రాన్

—

వెరావల్
17 జనవరి

ఇమ్రాన్,

పార్సిలు విప్పేను.

సంచికి ఎడం పక్క మామ్మ ముడులు ఆరు. నూకాలువి రెండు. అడుగున, టార్పాలిను కుట్టిన దగ్గర, మూడు ముడులు రెండు సుట్లు తిరిగున్నాయి.

అవి ఎవుళ్ళవో నీకు సెప్పక్కర్లేదు.

నాను ఏటి రాసేను, నువ్వు ఏటి సదివేవు? అది ఒక్కటీ రాయి.

గవర్రాజు

—

వన్ టౌన్
22 ఫిబ్రవరి

గవర్రాజుకి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నీది ఇరవై ఆరున అందింది. జవాబు రాయడానికి నెల పట్టింది. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

నువ్వు రాసింది: వల జాగ్రత్త. నేను చదివింది: "మామ్మా, నా వల ఇంక నాకక్కర్లేదు. ఇమ్రాన్‌కి ఇచ్చెయ్యండి." ఆ మాట కలిపాను, వచ్చే ఏడు నీ వల నువ్వే వేసుకుంటానన్న మాట తీసేశాను. ఎవరిదని అడగలేదని నీకు రాసిందీ అబద్ధమే. మీ ఇంటి అటక మీద నుంచి నేనే దించాను. వేపాకు ఇంకా పచ్చగానే ఉంది. బీచ్ రోడ్డులో నాకు దగ్గొచ్చినప్పుడు మామ్మ చెప్పిన మూడో చిరుగు ఏమిటంటే, "ఇది మా మనవడు కోపమొచ్చి తెంపీసి, మళ్ళీ ఆడే కట్టుకున్నాడు."

మూడేళ్ళుగా "వచ్చే ఏడు రాను" అంటూనే ఉన్నావు కదా, ఈ ఏడూ అంతేలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

ముప్పయ్యో తారీఖు పొద్దున్న యాభై తొమ్మిది బ్యాగులు రెండు గోనెల్లో కట్టుకుని బస్టాపులో నిలబడ్డాను. బదులు బ్యాగు చెయ్యలేదు, చెయ్యబుద్ధి కాలేదు. బీచ్ రోడ్డు బస్సులు మూడు వచ్చాయి. మూడూ ఖాళీగానే ఉన్నాయి, అదొక హింస. నాలుగోది యారాడ బస్సు. అది ఎక్కాను.

మామ్మకి నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేతిలో సూది పక్కన పెట్టి అడిగింది.

"మందులేసుకోమని ఆడు రాసేడన్నావు. అదీ నువ్వేనా?"

"నేనే మామ్మా."

"అయితే ఇన్నాళ్ళూ నువ్వేసుకోమంటే ఏసుకున్నానన్నమాట." సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కూకో. ఇప్పు."

నెల రోజులు కుట్టిన కుట్లు బ్లేడు పెట్టి నేనే విప్పాను. విప్పుతుంటే ఒక సంగతి తెలిసింది, నా కుట్లు చాలా గట్టివి. మామ్మ, నూకాలు, వాడలో వల బాగుచేసే ఆడవాళ్ళు ఇంకో నలుగురు ముక్కలు ఒక్కొక్కటీ కన్నుకి కన్ను కలిపారు. వరస చూసి కోసినందుకు కలిసింది. నేను అడ్డంగా కోసి ఉంటే ఇప్పుడీ ఉత్తరం కూడా ఉండేది కాదు. లోకంలో అందరూ వలతో బ్యాగులు చేస్తారు, బ్యాగులతో వల చేసిన కంపెనీ మాదొక్కటే. అదే మా మొదటి సరుకు, ఆఖరిదీ.

నూకాలు నాతో మాట్లాడటం లేదు. పదో రోజున మాత్రం, ముక్క కలుపుతూ, నా వైపు చూడకుండా అంది. "ఇద్దరు మగోళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు. మద్దిలో నా పని పోనాది."  మళ్ళీ తట్ట ఎత్తుకుంటోంది. ఇందులో నీ వాటా కూడా కొంచెం ఉందని నాకనిపిస్తుంది, కానీ అది చెప్పే హక్కు నాకు లేదు. రాసేశాను గనక ఉండనీ.

అనూరాధ గారికి ఫోను చేసి సరుకు లేదన్నాను. "మొదటే అనుకున్నాను" అన్నారు. ఆవిడ ఏమనుకున్నారో అది కాదు అని చెప్పాలనిపించింది. ఫోను పెట్టేశాను.

బక్రీద్ మర్నాడు కంచరపాలెం ఆయన రిక్షా తెచ్చి మిషను తీసుకుపోయాడు. నేను చేతులు కట్టుకుని హుందాగా నిలబడ్డాను. అబ్బా "కుట్టు నేర్చుకున్నావు, అది ఎక్కడికీ పోదు" అన్నాడు. రేపటి నుంచి నేను గాజువాకలో రశీదులు రాస్తాను.

ఇక వల సంగతి. యాభై తొమ్మిది ముక్కలూ కలిశాయి. అరవయ్యోది నీ దగ్గరుంది. దాని చోట కన్నం అలాగే ఉంది. కొత్త నూలుతో అల్లేస్తే పోతుంది కదా అన్నాను మామ్మతో. కన్నం ఉన్న వల గడప దాటదన్న మనిషి ఆ వలని కన్నంతోనే మడిచి, వేపాకు పెట్టి, అటక ఎక్కించింది.

"ఆ ముక్క ఆడి దగ్గరుంది. ఆడే తేవాలి, ఆడే కట్టాలి. నాను ముట్టను."

ఇందుకే నెల పట్టింది. వల తిరిగి వల అయ్యేదాకా నీకు రాయకూడదనుకున్నాను.

నా మాట నువ్వు నమ్మనక్కర్లేదు. అందుకే ఈ ఉత్తరం నూకాలుకిచ్చి, చదివి కింద సంతకం పెట్టమన్నాను.

ఇమ్రాన్

అన్నయ్యా,
అంతా సదివేను. వల అటక మీదుంది, నిజమే. కన్నం కూడా నిజమే. ఒక్క మాట కలిపేడు. మిషను తీసుకెల్లిన్నాడు మిగిలిన టార్పాలిన్లకోసం నాను అక్కడే ఉన్నాను. హుందాగా నిలబడలేదు. ఏడిసేడు.
నూకాలు